మూతపడ్డ బడిలో తీసిన టీనేజీ కల

పచ్చిక లాన్లు, సైకిళ్లు, షాపింగ్ మాల్, పెద్దలెవరూ లేని సాయంత్రాలు. 1980ల హాలీవుడ్ టీనేజీ సినిమాలు చూపిన శివారు లోకం మీద మోజు నలభై ఏళ్లయినా తగ్గలేదు. మరి ఆ సినిమాలు ఆ శివారును నిజంగా మెచ్చుకున్నాయా?

షికాగో నగర శివారు డెస్ ప్లెయిన్స్‌లో 1970లో మెయిన్ నార్త్ హైస్కూలు తెరిచారు. చేరే పిల్లలు తగ్గిపోవడంతో 1981లో మూసేశారు. మూడేళ్లకు జాన్ హ్యూస్ అనే దర్శకుడు తన యూనిట్‌తో ఆ ఖాళీ భవనంలో దిగాడు. అక్కడి లైబ్రరీ ఇరుకని జిమ్‌లో పెద్ద లైబ్రరీ సెట్టు వేయించాడు. శిక్షగా ఒక శనివారమంతా ఆ లైబ్రరీలో కూర్చోవాల్సి వచ్చిన ఐదుగురు విద్యార్థుల కథే 1985 ఫిబ్రవరిలో విడుదలైన ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’. అమెరికన్ టీనేజీ సినిమా అనగానే ఇప్పటికీ ముందు తలుచుకునే పేర్లలో అదొకటి. హ్యూస్ అంతకుముందు తీసిన ‘సిక్స్‌టీన్ కాండిల్స్’కూ, టామ్ క్రూజ్‌కు పేరు తెచ్చిన ‘రిస్కీ బిజినెస్’కూ కూడా ఇలాంటి బడే దొరికింది. స్కోకీ శివారులోని నైల్స్ ఈస్ట్ హైస్కూలు 1980లోనే మూతపడింది. నడుస్తున్న బడిని షూటింగుకు వారాల తరబడి ఎవరూ ఇవ్వరు. పిల్లలు లేరు కాబట్టే కెమెరాకు చోటు దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946-64 మధ్య పుట్టిన ‘బేబీ బూమ్’ తరాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన బడులవి. ఆ తరం గడప దాటగానే వెలవెలబోయాయి. శివారు బాల్యానికి ఆనవాళ్లని లోకం దాచుకున్న సినిమాలు తయారయ్యేనాటికే ఆ శివారుకు వయసు మళ్లుతోందన్నమాట.

అయినా మోజు తగ్గలేదు. 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ కథ 1983 నాటి ఇండియానా రాష్ట్రంలోని ఒక ఊహాపట్టణంలో మొదలవుతుంది. వాకీటాకీలు పట్టుకుని సైకిళ్ల మీద తిరిగే ఆ పిల్లలకు ప్రపంచమంతా అభిమానులున్నారు. 1984 నాటి ‘ది కరాటే కిడ్’కు కొనసాగింపుగా 2018లో ‘కోబ్రా కై’ సిరీస్ వచ్చింది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ మూడో సీజన్‌కు నియాన్ దీపాలతో కళకళలాడే మాల్ కావాల్సి వచ్చింది. నిర్మాతలు దాన్ని అట్లాంటా శివారులో వెతికి పట్టుకున్నారు. 1984లో తెరిచిన గ్విన్నెట్ ప్లేస్ మాల్ షూటింగునాటికి దాదాపు ఖాళీ. అందులో ఒక భాగానికి 1985 నాటి దుకాణాల ముఖాలు అతికించి, రంగులేసి, జనాన్ని నింపి సందడి తెచ్చారు. ఎనభైల్లో ఖాళీ బడిలో టీనేజీ సందడి, ఇప్పుడు ఖాళీ మాల్‌లో ఎనభైల సందడి. రెండుసార్లూ కెమెరా ముందున్నది అప్పటికే పోయిన లోకం.

ఈ మమకారం అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. ఆ సినిమాలు చూసి బెంగపడేవాళ్లు దేనికోసమో నిజంగానే తపిస్తున్నారు. అయితే బెంగ పెట్టుకోవాల్సింది ఒకదాని మీదైతే, మనం పెట్టుకుంటున్నది మరొకదాని మీద. ఆ సినిమాల్లో అత్యధికం శివారు మీద ఫిర్యాదులు. ఆ ఫిర్యాదు గొంతు మనకు వినిపించడం మానేసింది, వెనకున్న పచ్చిక మాత్రం కళ్లలో నిలిచిపోయింది. అందుకే పిల్లల స్వేచ్ఛ కోసం బెంగపడుతూ, ఆ స్వేచ్ఛను మింగేసిన ఊరికే దండం పెడుతున్నాం.

సర్కారు కట్టించిన కల

అమెరికా శివారు తనంతట తాను పెరిగిన ఊరు కాదు. సర్కారు చట్టం చేసి, అప్పుకు పూచీ పడి, రోడ్డు వేసి పెంచింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి రుణాలకు హామీగా నిలిచింది. 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చేతిలో పెద్దగా సొమ్ము లేకున్నా ఇల్లు కొనుక్కోగలిగారు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో బంగాళదుంపలు పండే పొలాల్లో లెవిట్ సంస్థ 1947లో లెవిట్‌టౌన్ మొదలుపెట్టి, నాలుగైదేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1956లో వచ్చిన హైవే చట్టంతో నగరానికీ శివారుకూ మధ్య కారు దారి పరుచుకుంది. అదే ఏడాది మిన్నెసోటా రాష్ట్రం ఈడైనాలో పైకప్పు కింద, ఎండావానా తగలని సౌత్‌డేల్ షాపింగ్ మాల్ తెరుచుకుంది. 1970 జనాభా లెక్కలు తీసేసరికి నగరాల్లో కన్నా, పల్లెల్లో కన్నా శివార్లలోనే ఎక్కువమంది అమెరికన్లు ఉంటున్నారు. ఈ చరిత్రనంతా కొలంబియా విశ్వవిద్యాలయ చరిత్రకారుడు కెన్నెత్ జాక్సన్ ‘క్రాబ్‌గ్రాస్ ఫ్రాంటియర్’ పుస్తకంలో విప్పి చెప్పాడు. ఆ పుస్తకం వచ్చింది 1985లోనే. ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’, ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ థియేటర్లలో ఆడుతున్న ఏడాదే శివారు చరిత్ర పుస్తకాలకెక్కే వయసుకు వచ్చిందన్నమాట.

ఈ సినిమాలు ఎనభైల్లోనే ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. శివారులో పెరిగిన మొదటి తరం అప్పటికి కెమెరా పట్టే వయసుకొచ్చింది. 1946లో పుట్టిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ బాల్యంలో చాలా భాగం అరిజోనాలోని ఫీనిక్స్‌లో గడిచింది. 1950లో పుట్టిన జాన్ హ్యూస్ టీనేజీకి వస్తున్న రోజుల్లో అతని కుటుంబం షికాగో ఉత్తర శివారు నార్త్‌బ్రూక్‌కు మారింది. అతను 1968లో అక్కడే హైస్కూలు చదువు ముగించాడు. హ్యూస్ పాత్రలు కాపురముండే షెర్మర్ అనే ఊరు మ్యాపులో కనిపించదు. అయితే నార్త్‌బ్రూక్‌కు 1923 దాకా షెర్మర్‌విల్ అనే పేరుండేది, ఇవాళ్టికీ అక్కడ షెర్మర్ రోడ్డుంది. ముప్పై నాలుగేళ్ల దర్శకుడు తన అరవైల కుర్రతనానికి ఎనభైల బట్టలు తొడిగి, ఎనభైల పాటలు జోడించి తెరకెక్కించాడు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సృష్టికర్తలు డఫర్ సోదరులు పుట్టిందే 1984లో. వాళ్లకు 1983 తెలిసింది ఆ సినిమాల ద్వారానే. ఇవాళ మనం చూస్తున్నది ఒకరి జ్ఞాపకం మీద మరొకరు అల్లుకున్న జ్ఞాపకం. అందులోని ఊరు ఏ ఏడాదిలోనూ, ఏ రాష్ట్రంలోనూ ఉన్నది ఉన్నట్టుగా లేదు.

తెర మీద నిజంగా ఉన్నదేమిటి?

1982 జూన్‌లో వారం తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. స్పీల్‌బర్గ్ రచనలో పాలుపంచుకుని నిర్మించిన ‘పోల్టర్‌గైస్ట్’ ఒకటి, ఆయనే దర్శకత్వం వహించిన ‘ఈ.టి.’ రెండోది. రెండూ కాలిఫోర్నియాలో కొత్తగా కట్టిన కాలనీల కథలే. మొదటిదాంట్లో ఇంటి యజమాని ఆ కాలనీలో ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగి. శ్మశానం ఉన్న చోట కాలనీ వేసిన కంపెనీ సమాధుల మీది రాళ్లను తరలించి, శవాలను మాత్రం ఇళ్ల కిందే వదిలేసిందని చివర్లో బయటపడుతుంది. రెండోదాంట్లో తండ్రి ఇల్లు విడిచి మరో స్త్రీతో మెక్సికో వెళ్లిపోయాడు. తల్లి ఉద్యోగానికి వెళ్తుంది, పిల్లలు తమ పాట్లు తాము పడతారు. తల్లిని మినహాయిస్తే పెద్దల ముఖాలు చాలాసేపటిదాకా తెర మీదికే రావు. నడుము కిందినుంచి ప్యాంట్లూ, బెల్టుకు వేలాడే తాళాల గుత్తీ మాత్రమే కనిపిస్తాయి. అందరికీ గుర్తుండిపోయిన ఆ సైకిళ్ల పరుగులో కూడా పిల్లలు దూసుకెళ్లేది సగం కట్టిన ఇళ్ల మధ్య నుంచి. చంద్రుడి ముందు ఎగిరిన సైకిలు మనకు గుర్తుంది. ఆ పిల్లవాడు స్నేహం కోసం వేరే గ్రహం దాకా చూడాల్సినంత ఒంటరితనంలో ఎందుకున్నాడో మరిచాం.

‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ ఇంకా నిష్కర్షగా మాట్లాడుతుంది. 1985లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూళ్లు రాబట్టిన సినిమా అది. అందులో 1985 నాటి హిల్ వ్యాలీ ఊరి నడిబొడ్డు చూడండి. ఆగిపోయిన గడియారం, పచ్చిక బదులు పార్కింగ్ జాగా, పెద్దల సినిమాలు ఆడించే థియేటర్. కుర్రవాడు 1955కి వెళ్లేసరికి అదే కూడలి జనంతో కిటకిటలాడుతుంటుంది. అతను పెరిగిన లయన్ ఎస్టేట్స్ కాలనీ ఉండాల్సిన చోట రెండు రాతి స్తంభాలు, వాటి మీద సింహాలు, రేపటి ఇల్లు ఇదేనంటూ ఊరించే ప్రకటన మాత్రమే ఉంటాయి. వెనకంతా ఖాళీ పొలమే. ట్విన్ పైన్స్ మాల్ ఉన్న చోట ఒక రైతు క్షేత్రం ఉంటుంది. ముప్పై ఏళ్లలో శివారు కాలనీ పొలాన్ని తినేసింది, మాల్ ఊరి కూడలిని తినేసింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే సినిమా ఈ లెక్క చూపించింది. అప్పట్లో ఆ సినిమా బెంగపడింది శివారుకు ముందున్న ఊరి కోసం. మనం దాన్ని చూస్తూ శివారు కోసం బెంగపడుతున్నాం.

మరుసటి ఏడాది వచ్చిన ‘ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్’లో కుర్రవాడు బడి ఎగ్గొట్టి ఏం చేస్తాడు? శివారు దాటి షికాగో నగరానికి పారిపోతాడు. సియర్స్ టవర్ ఎక్కి, బేస్‌బాల్ మైదానానికీ, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కూ వెళ్లి, వీధి ఊరేగింపులో దూరి జనంతో కలిసి చిందులేస్తాడు. ఆ సినిమాలో ఆనందమంతా నగరంలోనే ఉంది. శివారు వంతుకు వచ్చింది అతని మిత్రుడు కామెరాన్ ఇల్లు. లోయ అంచున నిలబెట్టిన ఆ గాజు గదిలో తండ్రి ప్రాణంగా చూసుకునే ఫెరారీ ఉంటుంది. ఆ తండ్రి ఒక్క షాట్‌లోనూ కనిపించడు. హైలాండ్ పార్క్‌లో 1953లో కట్టిన నిజమైన ఇల్లది, ఆధునిక వాస్తుకళకు పేరుపడ్డది. దాన్నిప్పుడు చూసి మురిసిపోయేవాళ్లున్నారు గానీ, సినిమాలో ఆ పిల్లవాడు చేసింది కారును కసితీరా తన్నడం.

‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ మొదటి నిమిషాలు మరోసారి చూస్తే సంగతి తేలిపోతుంది. ఐదుగురిలో నలుగురు పెద్దల కార్లలో బడి ముందు దిగుతారు. ధనవంతుల పిల్ల తండ్రి ఓదార్పు వింటూ, చదువరి పిల్లవాడు తల్లి హెచ్చరిక వింటూ, కుస్తీ పిల్లవాడు తండ్రి మందలింపు వింటూ దిగుతారు. నాలుగో పిల్ల ఆలిసన్ కారు దిగి, ఒక మాటైనా చెబుదామని కిటికీ వైపు వంగేలోపే కారు కదిలి వెళ్లిపోతుంది. ఇంట్లో దెబ్బలు తినే బెండర్ ఒక్కడే నడిచొస్తాడు. సైకిలు మీద వచ్చినవాడు ఒక్కడూ లేడు. మిగతా సినిమా అంతా ఆ ఐదుగురూ ఇళ్ల గురించి చెప్పుకున్న గోడే. ‘సిక్స్‌టీన్ కాండిల్స్’ మొదలయ్యేది కూడా పదహారేళ్ల పిల్ల పుట్టినరోజును ఇంటిల్లిపాదీ మరిచిపోవడంతోనే. మనం స్వేచ్ఛ అని మురిసిపోయే దాన్ని ఆ పిల్లలు నిర్లక్ష్యం అంటున్నారు.

రైలు పట్టాలకు అవతల

ఈ లోకం నిండా కలవారే అనుకుంటే అదీ పొరపాటే. ‘కరాటే కిడ్’లో డేనియల్ తల్లితో కలిసి న్యూజెర్సీలోని న్యూవార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ శివారు రెసీడాలో ఒక పాత అపార్ట్‌మెంటులోకి దిగుతాడు. అతను మనసిచ్చిన పిల్లది కొండవాలు మీద కలవారుండే ఎన్‌సీనో. ఆ రెండు పేర్లే అక్కడివాళ్లకు వర్గభేదాన్ని విడమరిచి చెప్పేస్తాయి. అతనికి విద్య నేర్పిన మియాగీ ఆ అపార్ట్‌మెంటులో రిపేర్లు చూసే మనిషి. యుద్ధకాలంలో అతను అమెరికా సైన్యంలో పోరాడుతుంటే, అతని భార్యాబిడ్డలు జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన మాంజనార్ శిబిరంలో చనిపోయారు. ‘ప్రెటీ ఇన్ పింక్’ కథానాయిక రైలు పట్టాలకు అవతలి పిల్ల. తల్లి వెళ్లిపోయింది, తండ్రికి ఉద్యోగం లేదు. ‘ది గూనీస్’ సరిగ్గా శివారు కథ కాదు, ఓరెగాన్‌లోని రేవు పట్టణం అస్టోరియా కథ. కానీ పిల్లలు సొరంగంలోకి దిగడానికి కారణం అప్పు. బాకీ తీర్చకపోతే ఇళ్లు జప్తు చేసి, కలవారి గోల్ఫ్ క్లబ్బులో కలిపేసుకుంటారు. ఈ భయాలు గాలిలోంచి పుట్టలేదు. 1981 అక్టోబరులో అమెరికాలో ముప్పై ఏళ్ల ఇంటి రుణం మీద వడ్డీ 18 శాతం దాటింది. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. ఆ ఇంటిని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ సినిమాలు తీసినవాళ్లకూ తెలుసు, చూసినవాళ్లకూ తెలుసు.

ఇక ఆ వీధుల్లో ఎవరు లేరో అది మరో కథ. రుణ హామీలు శ్వేతజాతి కుటుంబాలకు దక్కినట్టు నల్లజాతి కుటుంబాలకు దక్కలేదు. 1960లో లాంగ్ ఐలండ్ లెవిట్‌టౌన్‌లోని 82 వేలమందిలో ఒక్క నల్లజాతి మనిషీ లేడని జాక్సన్ రాశాడు. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968 దాకా రాలేదు. హ్యూస్ షెర్మర్‌లో దాదాపు అందరూ తెల్లవాళ్లే కావడం కాకతాళీయం కాదు. ‘సిక్స్‌టీన్ కాండిల్స్’లో తెర మీదికొచ్చిన ఒకే ఒక్క ఆసియా కుర్రవాణ్ని వెక్కిరింతకు పెట్టారు. అతను కనిపించినప్పుడల్లా గంట మోగుతుంది. అదే సినిమాలో తాగి ఒళ్లు తెలియని అమ్మాయిని ఒకడు ఇంకొకడికి అప్పగించడం హాస్యంగా చెల్లిపోయింది. ఈ సినిమాల కథానాయిక మాలీ రింగ్‌వాల్డే 2018లో ‘న్యూయార్కర్’ పత్రికలో రాసిన వ్యాసంలో వీటిని నిలదీసింది. అదే సమయంలో ఆ సినిమాలు ఎందరో పిల్లలకు ధైర్యమిచ్చిన మాటనూ కాదనలేదు. ఆ రెంటినీ ఒక్కచోట పట్టుకోగలగడమే ఇక్కడ కావలసిన నిజాయితీ.

అవునుగానీ...

దీనికి మొదటి ఆక్షేపణ సులభంగానే వస్తుంది. కథ ఎలా ఉన్నా కెమెరా ఆ వీధుల్ని ప్రేమించింది కదా? సాయంకాలపు వెలుగు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, కిటికీల్లో పసుపు దీపాలు. నిజమే, ప్రేమించింది. ఆ ప్రేమే మన మీద పనిచేసింది. ఆ దశాబ్దంలోనే వీసీఆర్ అమెరికా ఇళ్లలోకి వచ్చింది. ఒక్కో సినిమాను పిల్లలు పదిసార్లు, ఇరవైసార్లు చూశారు. కథ తెలిసిపోయాక మిగిలేది పరిసరాలే. రెండో చూపులో కోపం, ఐదో చూపులో బాధ పలచబడి, పదో చూపుకు వీధి, గది, గోడ మీది పోస్టర్లు మిగిలాయి. అందుకే ఈ మమకారం మోసమని అనను. అది చూసే పద్ధతి వల్ల వచ్చింది, తీసినవాళ్ల ఉద్దేశం వల్ల రాలేదు.

రెండో ఆక్షేపణ, ఇదంతా వయసు తెచ్చే బెంగ, ఎవరి కుర్రతనం వాళ్లకు ముద్దు, దీనికింత విశ్లేషణ దేనికని. వయసే కారణమైతే ఈ మోజు యాభై దాటిన అమెరికన్లకే ఉండాలి. 2005 తర్వాత పుట్టినవాళ్లూ, అమెరికా గడ్డ మీద కాలు పెట్టనివాళ్లూ ఎనభైల శివారును తమదిగా ఎలా అనుకోగలుగుతున్నారు? వాళ్లకు గుర్తుకు రావడానికి అక్కడ ఏమీ లేదు. లేనిదాన్ని కోరుకోవడం మాత్రం సాధ్యమే. వాళ్ల సాయంత్రాల్లో ఏది లేదో అది ఆ సినిమాల్లో కనిపిస్తోంది. ఫోను మోగదు. ఎక్కడున్నావో లొకేషన్ పంపమని అమ్మ అడగదు. చీకటి పడేదాకా స్నేహితులతో ఉండొచ్చు, ఆ గంటలకు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఈ కోరిక అమెరికాకే పరిమితం కాదు, కాబట్టే ఆ సినిమాలు ఎల్లలు దాటాయి.

అలాంటప్పుడు మూడో ఆక్షేపణ బలంగా నిలబడుతుంది. ఆ స్వేచ్ఛ నిజంగానే ఉండేది కదా, శివారును తప్పుబట్టడం దేనికి? అమెరికాలో ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల్లో 1969లో దాదాపు సగంమంది, 48 శాతం, నడిచో సైకిలు తొక్కో బడికి వెళ్లేవారు. 2009కి అది 13 శాతానికి పడిపోయింది. కనుక పోయిందన్న మాట నిజం. ఎందుకు పోయిందన్న దగ్గరే అసలు విషయముంది. కాలనీలు నగరానికి మరింత దూరంగా, ఇంటికీ బడికీ మధ్య ఆరు వరసల రోడ్లతో, చివర మూసుకుపోయే వీధులతో పెరుగుతూ పోయాయి. కాలిబాటలు చాలాచోట్ల వేయనేలేదు. కారు లేనివాడికి అక్కడ కాళ్లు లేనట్టే. పిల్లలకేమో కారుండదు. పిల్లల కోసమే కట్టామన్న ఊరు, పదహారేళ్లొచ్చి లైసెన్సు చేతికందేదాకా పిల్లల్ని ఇంటికి కట్టేసింది.

దీనికి భయం తోడైంది. తప్పిపోయిన పిల్లల ఫొటోలు 1984 చివరి నుంచి పాల డబ్బాల మీద అచ్చయ్యాయి. ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ థియేటర్లలో ఉన్న నెలల్లోనే దేశమంతటా పొద్దున్నే టిఫిన్ బల్ల దగ్గర ఆ ముఖాలు ఎదురయ్యాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోవడం నిజానికి అరుదు. అయినా భయం లెక్కలు చూసుకుని రాదు. చివరికి మాల్ కూడా తలుపేసుకుంది. ‘ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై’ని 1982లో చిరస్మరణీయం చేసిన షెర్మన్ ఓక్స్ గలేరియా 1999లో మూతపడి, తర్వాత ఆఫీసులూ రెస్టారెంట్లతో మరో రూపంలో తెరుచుకుంది. మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికా 1996లో శుక్ర, శనివారాల సాయంత్రాల్లో పదహారేళ్ల లోపు పిల్లల్ని పెద్దలు వెంట లేకుండా రానివ్వడం మానేసింది. మాల్ ఎన్నడూ ఊరుమ్మడి స్థలం కాదు, యజమానున్న స్థలం. అతనికి కుర్రకారు లాభమనిపించినన్నాళ్లూ తలుపు తెరిచే ఉంది.

ఇన్ని తప్పులుంటే ఆ సినిమాల్ని అటకెక్కించేయొచ్చు కదా అనేది చివరి ఆక్షేపణ. అక్కర్లేదు. వర్ణవివక్ష పునాది మీద కట్టిన వీధిలోనైనా, ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లోని ఐదుగురు పిల్లలు పెద్దలు తమకు తగిలించిన పేర్లను పక్కనపెట్టి ఒకరి మాట ఒకరు విన్నారు. ఆ మాటకు విలువ పోలేదు. ఆ సినిమాల్లో పదిలపరచుకోవాల్సింది అదే. అది జరగడానికి వాళ్లకు దొరికిందేమిటో గమనించండి. ఒక గది, ఒక పగలు, గమనించే పెద్దవాడు పక్క గదికి వెళ్లిపోవడం. లాను గానీ, రెండు కార్ల గ్యారేజీ గానీ, మాల్ గానీ అందులో లేవు.

మనకూ లంకె ఉంది

ఈ కథ తెలుగువాళ్లకు పూర్తిగా పరాయిదేం కాదు. 1965 నాటి వలస చట్టం తలుపు తెరిచాక వెళ్లిన మన డాక్టర్లూ, ఇంజినీర్లూ నగరాల్లో కొన్నాళ్లుండి శివార్లకే చేరారు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం 1970లలో వెలసింది నగరంలో కాదు, పెన్ హిల్స్ శివారు కొండ మీద. హ్యూస్ షికాగో శివార్లలో సినిమాలు తీస్తున్న 1980ల మధ్యలోనే అదే షికాగోకు పడమటి శివారు అరోరాలో బాలాజీ గుడి లేచింది. ఆ గుడికి వచ్చే కుటుంబాల పిల్లలు అలాంటి హైస్కూళ్లలోనే చదివారు, షెర్మర్‌లో మాత్రం ఒక్కరూ కనిపించరు. అదే షెర్మన్ ఓక్స్ నేపథ్యంగా ఒక తమిళ కుటుంబపు పిల్ల కథానాయికగా ‘నెవర్ హావ్ ఐ ఎవర్’ రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఇవాళ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో మనవాళ్లు ఇల్లు కొనే ముందు చూసేది స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు. హైదరాబాద్ చుట్టూ తెల్లాపూర్, కోకాపేట వైపు లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీల బ్రోషర్లలోనూ ఆ సినిమాల పచ్చికే పరుచుకుని ఉంటుంది. గేటు లోపల క్లబ్‌హౌసూ, ఈతకొలనూ, సైకిలు ట్రాకూ ఉంటాయి. గేటు దాటి పిల్లవాడు ఒంటరిగా వెళ్లగలిగిన చోటు ఏముందో ఏ బ్రోషరూ చెప్పదు.

కాబట్టి ఆ సినిమాల్ని పిల్లలతో కలిసి చూడండి, ఈసారి పరిసరాల్ని కాస్త పక్కనపెట్టి ఆ పిల్లలు ఏం మొరపెట్టుకుంటున్నారో వినండి. ఫ్రిస్కోలోనైనా, తెల్లాపూర్‌లోనైనా ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు చదరపు అడుగులతో పాటు మరొక్క ప్రశ్న అడగండి. పద్నాలుగేళ్ల పిల్లో పిల్లవాడో ఎవరూ కారెక్కించకుండా, తనంతట తాను లైబ్రరీకో, మైదానానికో, స్నేహితుడి ఇంటికో వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రాగలరా? రాగలిగితే ఎనభైల సినిమాల్లో మనం ప్రేమించింది ఆ వీధిలో ఉన్నట్టే, అది బస్తీ అయినా సరే. రాలేకపోతే, లాను ఎంత పచ్చగా ఉన్నా ఆ ఇంటి ధరలో పిల్లల సాయంత్రాలు కూడా కలిసి ఉన్నాయని తెలుసుకుని సంతకం పెట్టండి.